చీటీలో ఏం వస్తుందో డాక్టర్‌కీ తెలియదు

(రక్త క్యాన్సర్లకు కొత్త చికిత్సలు, వాటి ట్రయల్స్‌ మీద స్టూడియో చర్చ. పాల్గొన్నవారు: రక్త క్యాన్సర్ల వైద్యుడు, క్లినికల్ ట్రయల్ కోఆర్డినేటర్, లుకేమియా నుంచి కోలుకున్న ఒక అబ్బాయి తండ్రి. పరిచయాల తర్వాతి భాగం ఇది.)

యాంకర్: మీ అబ్బాయికి జబ్బు బయటపడినప్పుడు ఏడేళ్లు కదండీ. ట్రయల్ అనే మాట మొదటిసారి ఎప్పుడు విన్నారు?

తండ్రి: మూలుగ టెస్ట్ రిపోర్ట్ వచ్చిన రోజే మేడమ్. అప్పటికి మాకు లుకేమియా అంటే ఏంటో కూడా తెల్వదు. చేతిలో ఇరవై ముప్ఫై పేజీల ఫారం పెట్టారు. వార్డు బయట బెంచీ మీద కూర్చొని చదివిన. మా మామ పక్కనే ఉన్నడు. "ప్రయోగం" అన్న మాట కనబడంగనే లేచి నిలబడ్డడు. "మన పిలగాని మీద ప్రయోగం చేస్తరా? మనోడేమన్న ఎలుకనా?" అని గొడవ.

యాంకర్: మేడమ్, రోజూ ఇదే వింటుంటారనుకుంటా.

కోఆర్డినేటర్: రోజూ. మామగారిని తప్పు పట్టను. ఆ ఫారం ఇంగ్లిష్‌లో రాసి, తర్వాత తెలుగులోకి మారుస్తారు. ఒకదాంట్లో ఏముందో చెప్పనా? "పాల్గొనువారు యాదృచ్ఛికీకరణ పద్ధతి ద్వారా ఏదేని ఒక సమూహమునకు కేటాయించబడుదురు." నేను ఎమ్మెస్సీ చదివాను, నాకే రెండుసార్లు చదివితే గానీ ఎక్కలేదు.

యాంకర్: మరి మీరెలా చెప్తారు?

కోఆర్డినేటర్: చిట్‌ఫండ్‌లో చీటీ తీసినట్టు అంటాను. పాత చికిత్స ఒక చీటీ, కొత్తది ఒక చీటీ. తీసేది కంప్యూటర్. డాక్టర్ గారి చేతిలో లేదు, నా చేతిలో లేదు, మీకు తెలిసిన ఎమ్మెల్యే చేతిలో అసలే లేదు. ఆ చివరి మాట కావాలనే కలుపుతాను, ఎందుకంటే రికమెండేషన్ ఫోన్లు నిజంగానే వస్తాయి.

తండ్రి: నేను కూడా చేయించిన మేడమ్, అబద్ధమెందుకు. (నవ్వులు) మాకు పాత చీటీ వచ్చింది. మా ఇంటావిడ రెండు రోజులు అన్నం తినలే. కొత్త మందు ఎవరికో పోయింది, మనకు పాతది అంటగట్టిన్రని.

డాక్టర్: ఇక్కడ నేను కల్పించుకోవాలి. కొత్తదంటే మంచిదే అని మీ ఇద్దరూ అనుకున్నారు, నిజానికి అందరూ అలాగే అనుకుంటారు. కొత్తది మేలని ముందే తెలిస్తే చీటీలు తీయడమే తప్పు. తెలియదు కాబట్టే ట్రయల్. ఏం వస్తుందో, వచ్చింది మంచిదో కాదో నాకూ తెలియదు. ఈ ముక్క పేషెంట్ ముందు ఒప్పుకోవడానికి మా డాక్టర్లకు నోరు రాదు.

యాంకర్: కొత్త మందు నష్టం చేసిన సందర్భం ఏదైనా ఉందా?

డాక్టర్: వెనెటోక్లాక్స్ తీసుకోండి. మంచి మందు. కీమో గట్టిగా తట్టుకోలేని వయసులో ఏఎమ్ఎల్ అనే లుకేమియా వస్తే, అజాసిటిడిన్ అనే మందుకు దీన్ని కలిపి ఇచ్చి చూశారు. మీడియన్ బతుకు కాలం 9.6 నెలల నుంచి 14.7 నెలలకు పెరిగింది. మీడియన్ అంటే సగం మంది అంతకన్నా ఎక్కువ బతికారని. 2020లో వచ్చిందా ఫలితం. ఇదే మందును మైలోమాలో, అంటే మూలుగలో పుట్టే ఇంకో రక్త క్యాన్సర్‌లో కూడా 291 మంది మీద పరీక్షించారు. బోర్టెజోమిబ్, డెక్సామెథజోన్ అనే పాత మందులకు తోడుగా కొందరికి వెనెటోక్లాక్స్, కొందరికి ఉత్తుత్తి మాత్ర. జబ్బు ముదరకుండా ఆగిన కాలం 11.5 నెలల నుంచి 22.4 నెలలకు పోయింది. రెట్టింపు! అక్కడితో ఆగితే పండగే.

యాంకర్: ఆగలేదన్నమాట.

డాక్టర్: చనిపోయినవాళ్లను లెక్కపెట్టారు. మందు తీసుకున్న 194 మందిలో 41 మంది. ఉత్తుత్తి మాత్ర తీసుకున్న 97 మందిలో 11 మంది. ఐదుగురిలో ఒకరు ఇటు, తొమ్మిదిమందిలో ఒకరు అటు. 2019 మార్చిలో అమెరికాలో మందులకు అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ మైలోమా ట్రయల్స్‌లో ఈ మందు కొత్తగా ఎవరికీ మొదలుపెట్టొద్దంది. తర్వాత తరచి చూస్తే, 11, 14 నంబర్ల క్రోమోజోములు ముక్కలు మార్చుకున్న ఒక రకం మైలోమాలో మాత్రం మేలు కనబడింది. పోల్చడానికి రెండో చీటీ లేకపోతే ఇందులో ఒక్కటీ బయటపడేది కాదు. ఆ రోజు పాత చీటీ వచ్చినవాళ్లు కూడా మీ ఇంటావిడ లాగే బాధపడి ఉంటారు.

తండ్రి: అరె... ఈ సంగతి అప్పుడు ఎవరూ చెప్పలే సార్.

యాంకర్: ఇలాగే వింటే మందులంటేనే భయమేస్తుంది. కొత్తది గెలిచిన కథ ఒకటి చెప్పండి.

డాక్టర్: బ్లినాటుమోమాబ్. దీని ఒక చెయ్యి మన ఒంట్లో జబ్బుతో పోరాడే టి కణాన్ని పట్టుకుంటుంది, రెండో చెయ్యి క్యాన్సర్ కణాన్ని పట్టుకుంటుంది, రెండింటినీ దగ్గరకు లాగుతుంది. అసలు పని టి కణమే చేస్తుంది. ఒక కోర్సు అంటే 28 రోజులు ఆపకుండా ఎక్కాలి. చిన్న పంపు, మందు సంచీ వీపున తగిలించుకుని పిల్లలు తిరుగుతుంటారు. బి రకం ఏఎల్ఎల్ అనే లుకేమియా ఉన్న 1,440 మంది పిల్లల్లో సగం మందికి మామూలు కీమో, సగం మందికి కీమోతో పాటు ఇది. మూడేళ్ల తర్వాత జబ్బు తిరగబెట్టకుండా బాగున్నవాళ్లు ఇది కూడా తీసుకున్నవాళ్లలో 96 శాతం, మామూలు కీమో ఒక్కటే అయితే 87.9 శాతం. తేడా తేలిపోవడంతో చీటీలు తీయడం మధ్యలోనే ఆపేశారు. 2024 డిసెంబరులో ప్రచురించారు. మామూలు కీమోతోనే అంతమంది బాగుపడుతున్నారు, చూశారా? ఆ మామూలు కీమో కూడా ఒకప్పటి ట్రయల్సే.

తండ్రి: మా వాడు బుధవారం బుధవారం పసుపు మాత్రలు మింగేవాడు సార్. కొత్తగా ఏమొచ్చినా వాటిని మాత్రం ఆపరని నర్సమ్మ చెప్పేది.

డాక్టర్: మెథోట్రెక్సేట్. అది ఎల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం అమెరికాలో లెడర్లీ అనే మందుల కంపెనీ ల్యాబ్‌లో చేసిన మందుల కుటుంబంలోది.

యాంకర్: మన భీమవరం ఆయన! తెలుగువాళ్లందరూ గర్వించాల్సిన...

డాక్టర్: గర్వపడదాం, కానీ ఆ కథలో మనం దాటేసే ముక్క ఒకటుంది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ లుకేమియా పిల్లలకు మొదట ఇచ్చింది ఫోలిక్ యాసిడ్ అనే విటమిన్ జాతి పదార్థం. కొందరిలో జబ్బు తగ్గకపోగా దౌడు తీసింది. ఫోలిక్ యాసిడ్ పోస్తే పెరుగుతోందంటే, దాన్ని అడ్డుకుంటే తగ్గాలిగా? అలా సుబ్బారావు గారి దగ్గర నుంచి అమినోప్టెరిన్ అనే అడ్డుకునే మందు తెప్పించుకున్నాడు. 1948 జూన్‌లో రాసిన పేపర్‌లో 16 మంది పిల్లల్లో 10 మందికి మెరుగైందన్నాడు. మెరుగు కొన్ని నెలలే, మళ్లీ తిరగబెట్టింది. ఆ ఆగస్టులోనే సుబ్బారావు గారు పోయారు. మొదటి అడుగు తప్పటడుగు, రెండోది అరకొర. ఈరోజు ఎథిక్స్ కమిటీ ముందుకు ఫార్బర్ వస్తే మొదటి ప్రశ్నకే ఇంటికి పంపేవాళ్లు. పంపాలి కూడా.

యాంకర్: ఫోన్‌లో గుంటూరు నుంచి ఒకరున్నారు. చెప్పండమ్మా.

కాలర్: నమస్తే అండీ. మా నాన్నగారికి అరవై ఎనిమిది. మైలోమా. మొదటి మందులు పనిచేయడం ఆగిపోయింది. ట్రయల్‌లో చేరమంటున్నారు, మందులు ఫ్రీ అంటున్నారు. ఆ ఫ్రీ అన్న మాట దగ్గరే మాకు భయం పట్టుకుందండీ. ఖమ్మం పిల్లల సంగతి గుర్తుకొచ్చింది.

కోఆర్డినేటర్: ఆ భయం ఉండాలమ్మా. తెలియనివాళ్ల కోసం ఆ సంగతి చెప్తాను. 2009లో ఖమ్మం జిల్లాలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా అధ్యయనం జరిగింది. గిరిజన బాలికల హాస్టళ్లలో చాలా ఫారాల మీద తల్లిదండ్రుల సంతకాలకు బదులు వార్డెన్ల సంతకాలున్నాయి. 2010లో అధ్యయనం ఆపేశారు, 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం తీవ్రంగా తప్పు పట్టింది. మేం ట్రైనింగ్‌లో మొదటి రోజు చదివేది అదే.

కాలర్: మరి ఇప్పుడు మేం ఏం అడగాలండీ?

కోఆర్డినేటర్: ముందు సీటీఆర్ఐ నంబర్ అడగండి, అది ట్రయల్స్ నమోదు చేసే ప్రభుత్వ వెబ్‌సైట్. దేశంలో మందుల ట్రయల్స్‌ ఆ వెబ్‌సైట్‌లో రిజిస్టర్ కావాల్సిందే, 2009 జూన్ నుంచి తప్పనిసరి. సంతకం చేసిన ఫారం కాపీ ఒకటి మీ ఇంట్లో ఉండాలి. తర్వాత ఇలా అడగండి: "మేం చేరకపోతే మా నాన్నకు ఏ మందు ఇస్తారు?" దీనికి సూటిగా జవాబు రాకపోతే సంతకం పెట్టొద్దు. మందు వల్ల హాని జరిగితే వైద్యం ఉచితంగా చేయించాలి, పరిహారం కట్టాలి. 2019 నిబంధనల్లో ఉంది. మధ్యలో వద్దనిపిస్తే బయటికి రావచ్చు, కారణం చెప్పక్కర్లేదు.

కాలర్: ట్రయల్ అయిపోయాక ఆ మందు పనిచేస్తుంటే? కొనుక్కోవాలా?

డాక్టర్: మంచి ప్రశ్న అడిగారమ్మా. తర్వాత కూడా మందు ఉచితంగా ఇచ్చే పద్ధతి నిబంధనల్లో ఉంది కానీ దానికి షరతులున్నాయి. ఈ ట్రయల్‌కు వర్తిస్తుందా అని అడిగి, జవాబు కాగితం మీద రాయించుకోండి. నోటిమాట వద్దు.

యాంకర్: డబ్బు సంగతి వచ్చింది కాబట్టి, కార్ టి సెల్ గురించి. ఈ మధ్య అందరూ దాని గురించే అడుగుతున్నారు.

డాక్టర్: పేషెంట్ సొంత టి కణాలను మిషన్ మీద వేరు చేసి, ల్యాబ్‌లో వాటికి క్యాన్సర్‌ను గుర్తుపట్టే కొక్కెం లాంటిది తొడిగి, పెంచి, తిరిగి ఎక్కిస్తారు. అమెరికాలో 2017లో మొదటిదానికి అనుమతి వచ్చినప్పుడు ధర 4,75,000 డాలర్లు. మన దగ్గర ఐఐటీ బాంబే, టాటా మెమోరియల్ కలిసి తయారుచేసిన నెక్స్‌కార్19కి 2023 అక్టోబరులో అనుమతి వచ్చింది. ధర ఇంచుమించు పదో వంతు. పదో వంతంటే కూడా లక్షలే. జనగామలో రెండెకరాలున్నాయన్న ధైర్యంతో చేరే వైద్యం కాదు.

యాంకర్: పనిచేస్తుందా?

డాక్టర్: 64 మంది మీద జరిపిన ట్రయల్ 2025లో వచ్చింది, సుమారు 73 శాతం మందిలో స్పందన. స్పందన అంటే నయం కాదు, మొదట జబ్బు తగ్గింది అంతే. ఆ తగ్గింది ఎన్నేళ్లు నిలుస్తుందన్నది అసలు ప్రశ్న. అమెరికాలో అయితే ఇలాంటి చికిత్స తీసుకున్నవాళ్లను 15 ఏళ్లు గమనించమంటారు. కొద్దిమందిలో తర్వాత టి కణాల క్యాన్సరే రావడంతో 2024 జనవరిలో అక్కడ లేబుల్ మీద హెచ్చరిక కూడా పెట్టించారు. ఇక ఎక్కించిన వారం పది రోజుల్లో విపరీతమైన జ్వరం, బీపీ పడిపోవడం రావచ్చు. 2012లో ఫిలడెల్ఫియాలో ఎమిలీ వైట్‌హెడ్ అనే పాప అలాగే చావు అంచుకు వెళ్లింది. ఆమెను కాపాడింది కీళ్లవాతం మందు. ఆ చికిత్సను తయారుచేసిన డాక్టర్ కార్ల్ జూన్ కూతురికి కీళ్లజబ్బు ఉండటంతో ఆ మందు ఆయనకు తెలుసు. ఇప్పుడు ప్రతి కార్ టి వార్డు ఫ్రిజ్‌లో అది ఉంటుంది.

యాంకర్: టైమ్ దగ్గరపడింది. మీరేమైనా అడగాలా అండీ?

తండ్రి: ఒక్కటి మేడమ్. మా వాడికి ఇప్పుడు పదమూడేళ్లు, కబడ్డీ ఆడుతుండు. బాగనే ఉండు. కానీ మేం చేరిన ఆ ట్రయల్ ఏమైందో, పాత మందు గెలిచిందో కొత్తది గెలిచిందో ఇప్పటిదాకా మాకెవరూ చెప్పలే. ఆరేండ్లాయె.

కోఆర్డినేటర్: (కాసేపు ఆగి) నిజమే అన్నా. ఫలితం జర్నల్‌లో వేస్తాం, మీటింగ్‌లో చదువుతాం. ఇంటికి ఒక ఉత్తరం మాత్రం వెళ్లదు. ఫారం ఏమైనా దాచారా?

తండ్రి: దాచకుండా ఎట్ల ఉంటం? (చొక్కా జేబులోంచి మడత పెట్టిన ప్లాస్టిక్ కవరు తీశారు) ఇగో, నా సంతకం, ఇది మా ఇంటావిడ వేలిముద్ర. ఆ రోజు చేతులు వణికి పెన్ను పట్టలేకపోయింది.

కోఆర్డినేటర్: మొదటి పేజీ పైన సీటీఆర్ఐ అని ఉంటుంది చూడండి. దాని పక్కన నంబర్ చదవండి.

యాంకర్: అయ్యో, నంబర్ లైవ్‌లో వద్దండీ! బ్రేక్ తీసుకుందాం. మేడమ్, ఆయన దగ్గర ఆ కాగితం తీసుకోండి.