కొంగుముడిలో పాత టికెట్

అధ్యక్షులవారికి, వేదిక మీది పెద్దలకు, ఇంత ఎండలో వచ్చిన అక్కచెల్లెళ్లకు, అన్నదమ్ములకు నమస్కారం. చలివేంద్రం ప్రారంభించి రెండు మాటలు చెప్పమన్నారు. ముప్పై ఏళ్లు బస్సు కండక్టరుగా పనిచేసినవాణ్ని కనుక, చాలాకాలంగా మనసులో మెదులుతున్న ఒక సంగతిని ఈ సందర్భాన మీ ముందు పెడతాను.

సాయం చేసేవాళ్లకు మన కోనసీమలో కొదవ లేదు. అయితే అవతలివాడు నోరు తెరిచి అడిగేదాకా ఆగడం మనకు అలవాటైపోయింది. అడగడంలో ఎంత చిన్నతనం ఉంటుందో పరాయి ఊళ్లో బస్సు దిగినవాడికి తెలుస్తుంది. డొక్కా సీతమ్మగారు అది ఎరిగిన మనిషి. 1841లో మండపేటలో పుట్టి, లంకల గన్నవరం కోడలై వచ్చి, 1909లో కన్నుమూసేదాకా ఆమె వేళాపాళా చూడకుండా అన్నం పెట్టారు. గోదావరి పాయలు దాటి లంకల్లోకి వచ్చేవారు పడవ ఎప్పుడు ఒడ్డుకు చేరితే అప్పుడే ఊళ్లోకి రాగలరు కదా. ఒకసారి ఆమె అంతర్వేది నరసింహస్వామి దర్శనానికి పల్లకిలో వెళుతుండగా, గన్నవరం చేరితే సీతమ్మగారింట్లో అన్నం తినవచ్చునని ఆకలిగొన్న పిల్లలను పెళ్లివారెవరో సముదాయించడం చెవిన పడి, వాళ్లకంటే ముందే ఇల్లు చేరాలని పల్లకిని వెనక్కి తిప్పించారని మన పెద్దలు చెబుతారు. ఆ పెళ్లివారు ఆమెను ఏమీ అడగలేదు. పల్లకిలో ఉన్నది ఆవిడేనని కూడా వాళ్లకు తెలియదు.

ఇక నా సంగతి చెప్పుకోవాలి. చిల్లర లేనప్పుడు ఇవ్వవలసింది టికెట్ వెనక రాసి, దిగేటప్పుడు తీసుకోమనడం మా ఉద్యోగంలో రోజూ జరిగేదే. ఒకనాడు రావులపాలెంలో ఎక్కిన ముసలమ్మకు అలాగే ఆరు రూపాయలు రాసిచ్చాను. తన ఊరు వచ్చాక ఆమె మెట్టు మీద ఒక్క క్షణం ఆగి నా వైపు చూసింది. నేనూ చూశాను, చూసి కూడా, జనంలో పడి, "రైట్" అనేశాను. నెల తిరిగాక ఆమె మళ్లీ మా బస్సెక్కి, డబ్బుల కోసం కొంగుముడి విప్పితే, అందులో నాలుగు మడతలు పెట్టిన ఆ పాత టికెట్ కనిపించింది. చెమటకు కాగితం మెత్తబడిపోయినా నా చేతిరాత, ఆ ఆరు అంకె, ఇంకా తెలుస్తూనే ఉన్నాయి. ఆ రోజే ఎందుకు అడగలేదమ్మా అన్నాను. "నలుగురిలో అడిగితే మీకు చిన్నతనంగా ఉంటుందని ఊరుకున్నాను బాబూ" అంది.

అమ్మా, అయ్యా, ఒక్కసారి ఆలోచించండి. ఆరు రూపాయలు పోగొట్టుకున్న మనిషి నా పరువు గురించి ఆలోచించింది! మర్నాటి నుంచి డ్యూటీకి ముందు టీ కొట్టులో నోటు ఇచ్చి నాణేలు తీసుకోవడం మొదలుపెట్టాను. టికెట్‌ను కొంగున ముడివేసుకునేవారికి మొదట చిల్లర ఇచ్చి, ఆ తరువాతే మిగతావాళ్ల దగ్గరికి వెళ్లేవాణ్ని. ఇప్పుడు ఫోనుతో చెల్లింపులు వచ్చి చిల్లర గొడవ తగ్గింది. కానీ బోర్డు చదవలేక ఏ బస్సెక్కాలో తేల్చుకోలేనివాడు, చంటిబిడ్డను ఎత్తుకుని నిలబడి సీటు అడగలేని తల్లి, పై బెర్తు టికెట్ పట్టుకుని కింది బెర్తు వైపు చూస్తూ నిలబడిన పెద్దాయన ప్రతి ప్రయాణంలోనూ కనబడుతూనే ఉన్నారు. వాళ్ల వైపు తలెత్తి చూస్తే చాలు, ఏం కావాలో తెలిసిపోతుంది.

ఈ చలివేంద్రం గురించి కూడా నాకొక బాధ ఉంది, పెద్దలు మన్నించాలి. ప్రారంభం రోజున మజ్జిగ పంచి, ఫోటోలు దిగి, పదో రోజుకు అడుగంటిన కుండలను, పైన బోర్లించిన గ్లాసులను మనం చాలాచోట్ల చూశాం. బస్సు దిగి వచ్చినవాడు మూత తీసి చూసి, మళ్లీ మూత పెట్టి, ఎవరినీ ఏమీ అనకుండా వెళ్లిపోతాడు. అందుకని సన్మానం శాలువా పక్కన పెట్టి, ఒక నోటుపుస్తకం తెచ్చాను. రోజూ పొద్దున కుండలు కడిగి ఇసుక తడపాలి, మధ్యాహ్నం రెండింటికి మళ్లీ నింపాలి. రేపటి గడిలో నా పేరు రాశాను. ఎల్లుండి గడి ఖాళీగా ఉంది. పుస్తకాన్ని ముందు వరుస నుంచి పంపిస్తున్నాను.