పక్కవాడి చెయ్యి తెగితే మన కడుపులో ఎందుకు తిప్పుతుంది?

[దృశ్యం: అంబాజీపేట దగ్గర కొబ్బరితోట. నేలలో పాతిన ఇనుప గునపం, పక్కన కాయల గుట్ట.]

ఒలుపు కార్మికుడు కాయను గునపం మొనకు గుచ్చి మెలితిప్పుతాడు, పీచు ఊడొస్తుంది. ఒక్కసారి చెయ్యి జారి అరచెయ్యి మొనకు తగిలిందనుకోండి. గాయం ఆయనకి. "అబ్బా!" అనేది పక్కనున్న మనం.

[బొమ్మ: మెదడు. చెప్పే చోటల్లా రంగు వెలగాలి.]

నొప్పిలో రెండు పాళ్ళుంటాయి. ఎక్కడ, ఎంత గట్టిగా అన్నది ఒకటి. దాన్ని ముఖ్యంగా చూసుకునేది నడినెత్తి నుంచి చెవివైపు దిగే సొమాటోసెన్సరీ కార్టెక్స్. "ఇక ఓర్చుకోలేను" అన్న అల్లాట రెండోది. దీని వెనక ఇన్సులా ముందుభాగం, యాంటీరియర్ సింగ్యులేట్ అనే చోట్లున్నాయి.

2004లో టానియా సింగర్ అనే మెదడు పరిశోధకురాలి బృందం లండన్‌లో 16 జంటలను పరీక్షించింది. ఆవిడ ఎంఆర్ఐ స్కానర్‌లో, ఆయన పక్కన. ఒకసారి ఆవిడ చేతికి, ఒకసారి ఆయన చేతికి చిన్న కరెంటు షాకు. తనకు తగిలినప్పుడు రెండు పాళ్ళూ వెలిగాయి. ఆయనకు తగిలినప్పుడు అల్లాట చోట్లే వెలిగాయి. అంటే మనకు అంటుకునేది ముఖ్యంగా అవతలివాడి అల్లాట, పోటు కాదు.

ఇక్కడ కాస్త ఆగాలి. ఇన్సులా వెలిగిందంటే నొప్పేనని తేల్చకూడదు. అసహ్యం వేసినా, గుండెదడ గమనించినా అదే వెలుగుతుంది. మరోవైపు, చేతిలో సూది లోతుగా దిగే వీడియో చూపించి ఇటలీలో 2005లో కొలిస్తే, చూస్తున్నవాళ్ళ మెదడు సరిగ్గా అదే కండరానికి పంపే ఉత్తేజం తగ్గింది. కాబట్టి ఒంటికి ఏమీ చేరదనడమూ తప్పే.

[దృశ్యం: పీహెచ్‌సీ. కుట్లు వేస్తున్న సిస్టర్ చేతులు మాత్రమే.]

ఈ సిస్టర్ ముఖం మారకపోతే రాతిగుండె అనుకోకండి. సూదులు గుచ్చడమే వృత్తిగా ఉన్న ఆక్యుపంక్చర్ వైద్యులకు గుచ్చే దృశ్యాలు చూపించినప్పుడు, మామూలువాళ్ళలో వెలిగిన అల్లాట చోట్లు వాళ్ళలో వెలగలేదు. వెలిగినవి నుదుటి వెనక, తనను అదుపులో పెట్టుకునే చోట్లు. ఆ అదుపు లేకపోతే కుట్టు సూటిగా పడదు.

[దృశ్యం: గోడకు ఆనుకుని కూర్చున్న మనిషి, బిగించిన పిడికిళ్ళు.]

రక్తం చూస్తే కళ్ళు తిరిగేవాళ్ళ సంగతి వేరు. వాళ్ళకు బీపీ మొదట కాస్త పెరిగి, ఒక్కసారిగా పడిపోతుంది. గుండె వేగమూ తగ్గుతుంది, మెదడుకు రక్తం చాలదు. అందుకే "ఒళ్ళు వదులు చెయ్యి, దీర్ఘంగా ఊపిరి తీసుకో" అనే సలహా వీళ్ళకు ఎదురు తిరుగుతుంది. బీపీ నిలబెట్టాలంటే బిగించాలి.

కూర్చోండి. చేతులు, తొడలు, పొట్ట ఒకేసారి బిగించి 10 నుంచి 15 సెకన్లు, ముఖంలో వేడి తెలిసేదాకా ఉంచండి. 20 నుంచి 30 సెకన్లు సడలించండి, పూర్తిగా జారవిడవకుండా. 5 సార్లు చెయ్యండి. ఊపిరి బిగబట్టొద్దు, చాలామంది చేసే పొరపాటు అదే. అప్పటికే చెమటపట్టి చూపు మసకబారితే పడుకుని కాళ్ళు ఎత్తి పెట్టించుకోండి.

తేరుకున్నాక చూపు గాయం మీంచి గాయపడ్డ మనిషి ముఖం మీదకు మార్చండి. పేరుపెట్టి పలకరించండి. శుభ్రమైన గుడ్డతో గాయాన్ని 10 నిమిషాలు గట్టిగా నొక్కండి, మధ్యలో ఎత్తి చూడొద్దు. తడిస్తే పైన ఇంకో గుడ్డ వెయ్యండి. మొన లోపల విరిగి ఉంటే లాగకుండా, దాని చుట్టూ నొక్కి ఆసుపత్రికి తీసుకెళ్ళండి. టీటీ ఇంజెక్షన్ సంగతి అక్కడ అడగండి.