బిల్లు మీద ఏం రాశారో చదవండి

అందరికీ నమస్కారం. వేదిక మీది పెద్దలకు పేరుపేరునా చెప్పాలని ఉంది కానీ టైమ్ తక్కువ, మన్నించండి. అబిడ్స్‌లో వాచీలు రిపేరు చేసుకునేవాణ్ణి పిలిచి మైకిచ్చినందుకు చాలా సంతోషం. ఖరీదైన వాచీల్లో భాగాలేమిటో, వాటి పేర్లేమిటో చెప్పమన్నారు.

బయటివి త్వరగా చెప్పేస్తాను. ఒళ్లంతా కేస్. పట్టీ తగిలించే నాలుగు కొమ్ములు లగ్స్. అద్దం చుట్టూ ఉండే రింగు బెజెల్. చాబీ ఇచ్చే బుడిపె క్రౌన్. ఖరీదైన వాటిలో అద్దం సఫైర్‌ది. దానికి గీతలు పడటం చాలా కష్టం, కానీ గట్టి దెబ్బ తగిలితే అంచు పెచ్చు లేస్తుంది. వెనక మూత మీద నీళ్లకు తట్టుకునే హద్దు 30 మీటర్లు అని ఉంటే అది చెయ్యి కడుక్కునేటప్పుడు పడే తుంపరల వరకే. ఈతకు వెళ్లేవాళ్లు కనీసం 100 ఉన్నది చూసుకోండి.

ఇక అసలుది లోపల ఉంది. మేం మిషన్ అంటాం, కంపెనీవాళ్లు మూవ్‌మెంట్ అంటారు. బారెల్ అనే డబ్బీలో మెయిన్ స్ప్రింగ్ చుట్టుకుని ఉంటుంది. దాని బలం పళ్ల చక్రాల మీదుగా ఎస్కేప్ వీల్‌కి చేరుతుంది. అక్కడ ప్యాలెట్ ఫోర్క్ ఒక్కో పన్నునూ పట్టి వదులుతుంది. మీకు వినిపించే టిక్ టిక్ ఆ పట్టుదే. దాన్ని నడిపేది బ్యాలెన్స్ వీల్, ఊయల లాగా అటూ ఇటూ ఊగుతుంది. దాన్ని ప్రతిసారీ వెనక్కి లాగేది వెంట్రుకంత సన్నటి హెయిర్ స్ప్రింగ్. ఇప్పటి చాలా స్విస్ వాచీల్లో బ్యాలెన్స్ వీల్ గంటకు 28,800 సార్లు, అంటే సెకనుకు 8 సార్లు ఊగుతుంది. అందుకే సెకన్ల ముల్లు జారుతున్నట్టు కనిపిస్తుంది. ఈ జారుడు గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

మన ఊళ్లో అందరూ అడిగేది, "17 జ్యూయెల్స్ అని ఉంది కదా, అమ్మితే ఎంతొస్తుంది?" అని. పాత హెచ్ఎంటీ జనతా మీద కూడా ఆ మాటే ఉంటుంది. అవి ఫ్యాక్టరీలో చేసిన కెంపులమ్మా. చక్రం ఇరుసు లోహం మీద తిరిగితే అరిగిపోతుంది, కెంపు మీద అరగదు, నూనె చుక్క కూడా అక్కడే నిలుస్తుంది. వాటి పని అంతే.

క్రోనోగ్రాఫ్ వేరు, క్రోనోమీటర్ వేరు. పక్కన బటన్లుండి, నొక్కితే స్టాప్‌వాచ్‌లా పనిచేసేది క్రోనోగ్రాఫ్. క్రోనోమీటర్ అంటే పరీక్ష పాసైన వాచీ. స్విట్జర్లాండ్‌లో కాస్క్ అనే సంస్థ పెట్టే పరీక్షలో మిషన్ సగటున రోజుకు 4 సెకన్లు వెనక, 6 సెకన్లు ముందు, ఆ హద్దులోనే ఉండాలి. ఒక పేరు చెప్పి ఇంకోటి అంటగట్టే దుకాణాలున్నాయి.

దుకాణాలంటే గుర్తొచ్చింది. ఇది చెప్పకుండా నేను దిగను.

మా బావగారు గల్ఫ్‌లో పనిచేసినప్పుడు ఒమేగా కొనుక్కున్నారు, చాబీ ఇచ్చేది. రోజూ పొద్దున పేపరు పట్టుకునే ముందు దానికి చాబీ ఇచ్చేవారు. ఆయన పోయాక వాచీ ఆగింది. నేను ఊళ్లో లేనప్పుడు మా అక్క దాన్ని ఒక పెద్ద షోరూంలో ఇచ్చింది. నేను తిరిగొచ్చాక చూపించి, "ఇక చాబీ ఇవ్వక్కర్లేదట్రా, బాగుచేశారు" అంది. చేతిలోకి తీసుకున్నాను. సెకన్ల ముల్లు జారట్లేదు. ఆగి, గెంతి, ఆగి, గెంతుతోంది.

మూత తీశాను. లోపల సెల్.

సెల్‌తో నడిచే క్వార్ట్జ్ వాచీని నేను తిట్టట్లేదు. 1969లో జపాన్ కంపెనీ సీకో మొదటి క్వార్ట్జ్ చేతి వాచీ తెచ్చింది. ఇప్పటి చాలా క్వార్ట్జ్ వాచీల్లో స్ఫటికం సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది, టైమ్ విషయంలో చాబీ వాచీకంటే అదే నమ్మకం. కానీ అడక్కుండా ఎలా మారుస్తారు? బిల్లు తీయించాను. "మూవ్‌మెంట్ రీప్లేస్డ్" అని రాసుంది. మా అక్కకు అది సర్వీసింగ్‌లో ఒక పద్దులా కనిపించింది, సంతకం పెట్టింది. పాత మిషన్ ఏదయ్యా అంటే స్క్రాప్‌లో పోయిందన్నారు. డయల్ మీద పేరు ఒమేగాదే, కింద కొట్టుకునేది మాత్రం ఎవరిదో. మా అక్క ఆ రోజు అన్నం తినలేదు.

అమ్మా, అయ్యా, మిమ్మల్ని చేతులెత్తి అడుగుతున్నాను. వాచీ ఇచ్చేముందు మూత తీయించి లోపలి మిషన్‌ని ఫోన్లో ఫొటో తీసుకోండి. దాని మీద క్యాలిబర్ నంబరు, అంటే మిషన్ మోడల్ నంబరుంటుంది, అది రసీదులో రాయించండి. సర్వీస్ అంటే విప్పి, కడిగి, నూనె వేసి బిగించడం. రీప్లేస్ అంటే మార్చేయడం. రీఫినిష్ అంటే డయల్‌కి కొత్త రంగు వేయడం, పాత వాచీకి దాంతో విలువ పడిపోతుంది. పాలిష్ అంటే లగ్స్ అంచులు అరగదీయడం, వద్దని గట్టిగా చెప్పండి. మార్చిన ప్రతి ముక్కా, చిన్న స్క్రూ అయినా సరే, పొట్లం కట్టి ఇమ్మనండి.

టూర్బియాన్ గురించి చెప్తానని కార్డులో వేశారు. 1801లో బ్రెగే అనే వాచీల తయారీదారు దానికి పేటెంటు తీసుకున్నాడు. జేబు గడియారం నిలువుగా ఉంటుంది కాబట్టి భూమ్యాకర్షణ వల్ల వచ్చే తేడాను సరిచేయడానికి బ్యాలెన్స్‌ని ఎస్కేప్‌మెంట్‌తో, అంటే ఎస్కేప్ వీల్, ప్యాలెట్ ఫోర్క్‌లతో సహా గుండ్రంగా తిప్పాడు. చేతి వాచీ ఎలాగూ అన్ని వైపులా కదులుతూనే ఉంటుంది, అందులో అది పనితనం చూపించుకోవడానికే ఎక్కువ. ఇప్పటికి అది చాలు.

ఆ బల్ల మీద ఒక హెచ్ఎంటీ మూత తీసి పెట్టాను, పక్కనే ఐ గ్లాస్, కంటికి పెట్టుకునే భూతద్దం ఉంది. ఇద్దరిద్దరుగా వచ్చి బ్యాలెన్స్ ఎక్కడుందో చూపించండి. బాబూ, ముందు ఆ ఫ్యాను ఆపు, దుమ్ము పడుతుంది.