ఏడు గ్రీన్ టీలు ఒకే టేబుల్ మీద: బాబాయ్‌కి ఏది నచ్చింది, ఏది నచ్చలేదు

(స్క్రీన్ మీద: తెల్ల పింగాణీ కప్పులు వరసగా, ఒక్కో దాని ముందు చిన్న గిన్నెలో పొడి ఆకు)

హాయ్ అండీ అందరికీ, విజయవాడ నుంచి మళ్ళీ మనమే. ఇవాళ సబ్జెక్ట్ గ్రీన్ టీ. ఆగండాగండి, వీడియో మార్చేయకండి, పొట్ట తగ్గే చిట్కాలేమీ చెప్పట్లేదు, ఇవాళ రుచి గురించి మాత్రమే. మనూళ్ళో గ్రీన్ టీ అంటే ఏంటి, డాక్టర్ షుగర్ ఉందన్నాడనో, జిమ్‌లో ఎవరో చెప్పారనో ఒక టీ బ్యాగుల డబ్బా కొంటాం, సలసలా మరిగే నీళ్ళలో బ్యాగ్ పడేసి, ఫోన్ చూసుకుంటూ అది అందులోనే ఉందన్న సంగతి మర్చిపోయి, తర్వాత ముక్కు మూసుకుని తాగేస్తాం, కషాయంలాగా. తర్వాత ఆ డబ్బా వంటింట్లో పై అరలోకి పోతుంది, అంతే.

అందుకని ఇవాళ ఏడు రకాలు పక్కపక్కన పెట్టి తాగి చూద్దాం. నా పక్కన మా బాబాయ్ ఉన్నాడు, రోజూ గవర్నర్‌పేటలో బండి దగ్గర అల్లం టీ పడకపోతే తలనొప్పి వచ్చే మనిషి.

బాబాయ్: ఒరేయ్, పాలు లేకుండా ఏడు గ్లాసులు తాగించి పంపిస్తావా నన్ను?

గ్లాసులు కాదు బాబాయ్, గుక్కలు. కూర్చో.

ముందు అసలు సంగతి. అల్లం టీలో వేసే పొడి, ఈ గ్రీన్ టీ రెండూ ఒకే చెట్టువి, కామెల్లియా సైనెన్సిస్. తేడా అంతా కోసిన తర్వాత ఏం చేశారన్న దాంట్లోనే ఉంది. వంకాయ కోసి నీళ్ళలో వేయకుండా వదిలేస్తే నల్లబడుతుంది కదా, అది పాలీఫీనాల్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్ పని, టీ ఆకులో కూడా అదే ఉంటుంది. దాన్ని పని చేసుకోనిస్తే ఆకు గోధుమరంగుకి తిరిగి మన మామూలు టీ అవుతుంది. పని చేయకముందే వేడి తగిలించి ఆపేస్తే గ్రీన్ టీ. ఆ వేడి ఎలా తగిలించారు అన్న దగ్గరే రెండు దారులు. చైనా వాళ్ళు ఎక్కువగా పెద్ద ఇనప కడాయిలో వేయిస్తారు, జపాన్ వాళ్ళు ఎక్కువగా ఆవిరి పడతారు. వేయిస్తే వేపుడు వాసన, ఆవిరి పడితే ఆకుకూర వాసన, ఈ ఒక్క ముక్క గుర్తుంటే కళ్ళు మూసుకుని తాగినా సగం టీలు పట్టేయొచ్చు.

ఇప్పుడు నీళ్ళు. నన్నడిగితే టీ డబ్బా మీద పెట్టే డబ్బు కన్నా ఇదే ముఖ్యం. ఆకులో చేదు, వగరు ఇచ్చేవి కాటెకిన్లు, తియ్యటి మెత్తదనం ఇచ్చేది థియనీన్. థియనీన్ కాస్త వేడికే నీళ్ళలోకి దిగిపోతుంది, కాటెకిన్లకి వేడి పెరిగే కొద్దీ జోరు ఎక్కువ. అంటే మరిగే నీళ్ళు పోసిన క్షణం నుంచి మనం చేదుని పిండుకుంటున్నట్టే లెక్క. మామూలు గ్రీన్ టీకి 75 నుంచి 80 డిగ్రీలు చాలు. థర్మామీటర్ ఎక్కడ దొరుకుతుంది అనకండి, మన దగ్గర స్టీల్ గ్లాసులున్నాయి.

(దగ్గరగా: మరిగిన నీళ్ళు ఒక గ్లాసులోంచి ఇంకో గ్లాసులోకి)

మరిగిన నీళ్ళు చల్లటి గ్లాసులో పోస్తే సుమారు 10 డిగ్రీలు దిగుతుంది, దాన్ని ఇంకో గ్లాసులోకి తిరగబోస్తే ఇంకో 10 దాకా. రెండుసార్లు పోస్తే మనకి కావాల్సిన వేడి వచ్చేసినట్టే. మే నెలలో మన బెజవాడలో గ్లాసే కాలుతూ ఉంటుంది కాబట్టి ఇంకోసారి పొయ్యండి, ఏం పోదు. ఇంకో సంగతి, బోరు నీళ్ళు గట్టిగా ఉండే ఏరియాల్లో టీ రంగు మబ్బుగా వస్తుంది, పైన సన్నటి తెట్టు కడుతుంది, అది కాల్షియం పని, ఆకుది తప్పు కాదు. ఇరవై లీటర్ల క్యాన్ నీళ్ళతో చేసి చూడండి, అదే ఆకు వేరే టీలా ఉంటుంది.

కొలత అందరికీ ఒకటే పెడుతున్నా, 150 మిల్లీలీటర్ల నీళ్ళకి 3 గ్రాముల ఆకు, రెండు నిమిషాలు. టీ టేస్టింగ్‌కి ఒక అంతర్జాతీయ స్టాండర్డ్ ఉంది, ఐఎస్ఓ 3103, అందులో 100 మిల్లీలీటర్లకి 2 గ్రాములు, మరిగే నీళ్ళు, ఆరు నిమిషాలు అని ఉంటుంది. అది తాగడానికి కాదు, ఆకులో లోపాలు బయటపడాలని అంత గట్టిగా లాగుతారు, మనం అలా చేస్తే బాబాయ్ లేచి వెళ్ళిపోతాడు. ఇంతకీ ఇలాంటి ఆరు పేజీల రూల్ బుక్కే రాసినందుకు బ్రిటిష్ స్టాండర్డ్స్ వాళ్ళకి 1999లో ఇగ్ నోబెల్, అంటే నోబెల్‌కి పేరడీగా ఇచ్చే సరదా బహుమతి, ఇచ్చారు, సాహిత్యంలో!

ఇంకొకటి, రుచి చూసేది టిఫిన్‌కి ముందు. అల్లం పచ్చడి, కారప్పొడి తిన్న నాలుకతో ఇవన్నీ వేణ్ణీళ్ళే. గుంటూరులో మిర్చి సీజన్‌లో యార్డు పక్కన కూర్చుని చేస్తే అసలు పని జరగదు.

(మొదటి కప్పు, దగ్గరగా)

ముందు లాంగ్‌జింగ్. చైనాలో జెజియాంగ్ రాష్ట్రం, హాంగ్‌జౌ ఊరి దగ్గర వెస్ట్ లేక్ చుట్టుపక్కల కొండలది. ఆకు చూడండి, ఇస్త్రీ చేసినట్టు చదునుగా ఉంది. వేడి కడాయిలో చేత్తో అదుముతూ వేయిస్తారు కాబట్టి అలా అవుతుంది. ఏప్రిల్ మొదటి వారంలో వాళ్ళకి చింగ్‌మింగ్ అని పండగ, దానికి ముందు కోసిన చిగురుకి ధర ఎక్కువ. నీళ్ళు పోసి ముందు వాసన చూడండి, తర్వాత జుర్రున శబ్దం చేస్తూ తాగండి, మర్యాద సంగతి తర్వాత, గాలితో పాటు లోపలికి వెళ్తేనే వాసన ముక్కు వెనక్కి ఎక్కుతుంది. నాకైతే వేయించిన పల్లీల్లాంటి వాసన, వెనకాల కొంచెం తీపి.

బాబాయ్: పల్లీలు కాదు, వేయించిన శనగలు. బాగుంది గానీ, ఇది టీ అంటే మా బండి అబ్బాయి ఒప్పుకోడు.

రెండోది గన్‌పౌడర్. ఇదీ జెజియాంగ్ వైపుదే, కానీ ఆకుని చిన్న ఉండల్లా చుట్టేస్తారు, చూడ్డానికి మిరియాలే. నీళ్ళు పోస్తే ఉండ మెల్లగా విచ్చుకుంటుంది, ఇది మాత్రం స్లో మోషన్‌లో చూడాల్సిందే. రుచి ముదురు, కొంచెం పొగ వాసన, వగరు కూడా గట్టిగానే. మొరాకోలో దీన్నే పుదీనా, బోలెడంత పంచదార వేసి కాస్తారు. చవగ్గా దొరుకుతుంది, ఉండగా చుట్టడం వల్ల ఎక్కువ రోజులు నిలవుంటుంది. నిమ్మకాయ, తేనె పిండుకునే అలవాటు మీకుంటే దీంట్లో పిండుకోండి, తట్టుకుంటుంది. లాంగ్‌జింగ్‌లో మాత్రం దయచేసి వద్దు.

మూడోది సెంచా, జపాన్‌లో రోజూ తాగే టీ. 1738లో ఉజి ప్రాంతంలో నాగతాని సోయెన్ అనే ఆయన ఈ పద్ధతి తెచ్చాడు, ఆవిరి పట్టడం, నలుపుతూ ఆరబెట్టడం. ఆకు సూదుల్లా, ముదురు పచ్చగా ఉంది. నీళ్ళలో పడగానే వచ్చే వాసన, అబద్ధమెందుకు, ఉడుకుతున్న తోటకూర. కొంతమందికి ఇక్కడే అయిపోతుంది. కానీ రెండో గుక్కకి ఒక తియ్యదనం వస్తుంది, మూడో గుక్కకి ఆ వగరు కూడా బాగుంటుంది. మన టీ బ్యాగ్ రుచి ఏ కాస్త ఈ వైపు ఉన్నా, బ్యాగ్‌లో ఉండేది ఎక్కువగా పొడి, నూక. పొడి కాబట్టి రసం ఒక్కసారిగా దిగుతుంది, చేదు కూడా అంతే స్పీడుగా వస్తుంది. బ్యాగే వాడాలంటే ఒక్క నిమిషంలో తీసేయండి, పిండకండి.

నాలుగు, గ్యొకురో. ఇదే వీడియోలో ఖరీదైనది, ఎక్కువ మాట్లాడాల్సిందీ ఇదే. కోతకి సుమారు మూడు వారాల ముందు నుంచి తోటకి నీడ కప్పుతారు. ఎండ తగిలితే ఆకులో థియనీన్ కాటెకిన్లుగా మారిపోతుంటుంది, నీడలో ఆ మార్పు తగ్గి థియనీన్ ఆకులోనే ఉండిపోతుంది. థియనీన్‌ని మొదటిసారి విడదీసింది కూడా గ్యొకురో ఆకులోంచే. దీనికి నీళ్ళు 50, 60 డిగ్రీలే, వేలు పెట్టి ఓర్చుకునేంత వేడికి కొంచెం పైన, నీళ్ళు కూడా తక్కువ పొయ్యాలి. ఇందాకటి కొలత దీనికి పనికిరాదు, అందుకే ఈ చిన్న కప్పు.

(బాబాయ్ ముఖం, దగ్గరగా, కట్ చేయకుండా)

బాబాయ్: ఇది టీ కాదురా. ఉప్పెయ్యడం మర్చిపోయిన పల్చటి ఉలవచారు.

మీరు నవ్వుతున్నారు గానీ, మా బాబాయ్ కరెక్ట్‌గా పట్టుకున్నాడు. పులుపు, తీపి, ఉప్పు, చేదు కాకుండా నాలుక మీద చిక్కగా నిలబడే రుచి ఒకటుంది, 1908లో జపాన్‌లో ఇకెడా కికునాయె అనే కెమిస్ట్ సముద్రపు నాచుతో కాచిన చారులోంచి దాన్ని పట్టుకుని ఉమామి అని పేరు పెట్టాడు. గ్యొకురో అంతా అదే. అయితే డబ్బులు పెట్టి కొనాలా అంటే, నా లెక్కలో మొదటిసారికి వద్దు, సెంచా నచ్చి, ఇంకా చిక్కగా కావాలనిపించినప్పుడు చూద్దురుగాని. మాచా అంటారా, ఇలాగే నీడలో పెంచిన ఆకుని తిరగలి పట్టిన పొడి, ఆకు మొత్తం తాగేస్తాం, దాని గోల వేరే.

అయిదు, హోజిచా. ఇదీ జపాన్ గ్రీన్ టీనే, కానీ మళ్ళీ గోధుమరంగు వచ్చేదాకా వేయించారు. చేదు చాలావరకు పోతుంది, కెఫీన్ కూడా తక్కువే. దీనికి మాత్రం మరిగే నీళ్ళు పోసినా ఏం కాదు. కాఫీ తాగేవాళ్ళని ఇటు లాగాలంటే ఇదే, రాత్రి భోజనం తర్వాత కూడా నడుస్తుంది.

బాబాయ్: ఇదైతే పాలు పోసుకోవచ్చా?

పోసుకోవచ్చు బాబాయ్, నీకోసమే పుట్టినట్టుంది.

ఆరు, మన దేశపుది, హిమాచల్‌లోని కాంగ్రా లోయ టీ. అక్కడ చైనా రకం మొక్కలు 1800ల మధ్యలో నాటారు, పేరు కూడా బాగానే వచ్చింది, ఇంతలో 1905 ఏప్రిల్ 4న భూకంపం వచ్చి లోయంతా కూలిపోయింది, ఫ్యాక్టరీలు పోయాయి, చాలామంది తోటల యజమానులు వదిలేసి వెళ్ళిపోయారు. మళ్ళీ 2005లో జీఐ గుర్తింపు, అంటే ఆ పేరు ఆ ప్రాంతపు సరుకుకే చెల్లుతుందన్న గుర్తింపు, వచ్చింది. రంగు లేత, రుచి నెమ్మది, పూల వాసన కొంచెం. జపాన్ టీలంత ఆర్భాటం లేదు, రేటూ లేదు. ఇంట్లో రోజూ తాగడానికి ఒక్కటే డబ్బా కొనమంటే నేను ఇదే కొంటాను.

చివరది జాస్మిన్. వాసనకే బాబాయ్ లేచి కూర్చున్నాడు, ఎందుకంటే ఇది మన మల్లెపూవే, ఎండాకాలం సాయంత్రం బీసెంట్ రోడ్డులో మూరల లెక్కన కొనేది. పగలు మొగ్గలు కోసి, రాత్రి అవి విచ్చుకునే టైంకి టీ ఆకుతో కలిపి పెడతారు, ఆకు ఆ వాసన పీల్చేసుకుంటుంది, పొద్దున్నే పూలు ఏరేసి ఆకు ఆరబెడతారు, మంచి రకాలకి ఇదే కొత్త పూలతో మళ్ళీ మళ్ళీ చేస్తారు. కాబట్టి డబ్బాలో పూరేకులు ఎక్కువ కనిపిస్తే మంచి టీ అనుకోకండి, పూలు తీసేసిందే అసలు పద్ధతి.

ఆకుకి ఈ పీల్చే గుణం ఉంది కాబట్టే ఒక హెచ్చరిక. గ్రీన్ టీ డబ్బాని మసాలా దినుసుల పక్కన, ఇంగువ పక్కన పెట్టకండి. మన తేమకి మూత గట్టిగా ఉండాలి, చిన్న ప్యాకెట్ కొనుక్కుని రెండు మూడు నెలల్లో అవగొట్టేయాలి.

కామెంట్లలో ఎలాగూ అడుగుతారు కాబట్టి ఆరోగ్యం గురించి రెండే ముక్కలు. బరువు సంగతి, 2012లో కాక్రేన్ వాళ్ళు, అంటే వైద్య పరిశోధనల్ని కలిపి పరిశీలించే సంస్థ, అప్పటిదాకా జరిగిన ట్రయల్స్ అన్నీ కలిపి చూస్తే తగ్గేది లెక్కలోకి రానంత తక్కువ అని తేలింది. రెండోది, అన్నం తిన్న వెంటనే తాగితే ఆకుకూరల్లో, పప్పుల్లో ఉన్న ఐరన్ ఒంటికి సరిగ్గా పట్టదు, రక్తం తక్కువ ఉన్నవాళ్ళు ఒక గంట గ్యాప్ ఇవ్వండి.

ఇంకో మాట, ఒక్కసారి తాగి ఆకు పారేయకండి. లాంగ్‌జింగ్, సెంచా, కాంగ్రా, ఏదైనా సరే రెండోసారి కొంచెం వేడెక్కువ నీళ్ళు పోసి అర నిమిషంలో వంపేయండి, చాలాసార్లు మొదటి కప్పు కన్నా అదే బాగుంటుంది. మీ ఏరియా నీళ్ళ టీడీఎస్, అంటే నీళ్ళలో కరిగిన లవణాల లెక్క, ఎంతో, ఏ ఆకుతో ట్రై చేశారో కింద రాయండి, బోరు నీళ్ళకీ క్యాన్ నీళ్ళకీ తేడా పెట్టి ఇంకో వీడియో చేద్దాం. బాబాయ్, ఆ హోజిచా కప్పు నాది, నీది అటుపక్కది.