జీళ్లకు సైప్రస్‌లో ఒక చుట్టం

[దృశ్యం: గోడకు కొట్టిన మేకు. దానికి వేలాడుతున్న నల్లటి పాకం ముద్ద. రెండు చేతులు దాన్ని బారెడు లాగి, మడిచి, మళ్లీ మేకుకు తగిలిస్తున్నాయి.]

తీర్థంలో జీళ్ల కొట్టు దగ్గర నిలబడి చూసినవాళ్లకి ఈ పని కొత్తేం కాదు. పాకాన్ని గుంజకు వేయడం, లాగడం, మడవడం, మళ్లీ లాగడం. కాకపోతే ఈ ఊరు సైప్రస్ దీవిలో ఉంది. లిమసోల్‌కు పడమటి కొండల్లో ఉన్న అనోయిరా. మిఠాయి పేరు పాస్తెల్లి. మూకుడులో ఉడికింది బెల్లం కాదు, కారబ్ అనే చెట్టు కాయల రసం.

గ్రీసులో పాస్తెలి అంటే తేనె, నువ్వులు కలిపి పరిచి కోసిన బిళ్ల. మన నువ్వుల చిక్కీ లాంటిదే. సైప్రస్ వాళ్లది లాగుడు పాకం. కొందరు దానికి నువ్వులు పట్టిస్తారు, కొందరు ఉత్తదే అమ్ముతారు.

[దృశ్యం: ముద్ద రంగు దగ్గరగా. నలుపు, గోధుమ, చివరికి లేత బంగారు రంగు.]

రంగు మారిపోతోంది చూశారా? ఇందులో ఏ పొడీ కలపలేదు. లాగి మడిచిన ప్రతిసారీ సన్నటి గాలి బుడగలు లోపల చిక్కుకుంటాయి. వెలుగు వాటి మీద పడి చెదురుతుంది, అందుకే తెల్లబడినట్టు కనిపిస్తుంది. మన జీడి తెల్లబడేదీ ఇందుకే. చక్కెర పాకం గడ్డకట్టి పలుకు తేలకుండా ఇంట్లో నాలుగు చుక్కల నిమ్మరసం వేస్తాం కదా, కారబ్‌కి ఆ అవసరం పెద్దగా ఉండదు. కాయలో మామూలు చక్కెరతో పాటు గ్లూకోజ్, ఫ్రక్టోజ్ ముందే ఉంటాయి, అవి పలుకు తేలనివ్వవు.

ఇక చెట్టు దగ్గరికి వెళ్దాం. నన్నడిగితే, రుచి సగం అక్కడే తేలిపోతుంది.

[దృశ్యం: రాతి నేలలో గుబురుగా పెరిగిన చెట్టు. కొమ్మలకు చింతకాయల్లా వేలాడే నల్లటి కాయలు.]

కారబ్ కూడా చింత కుటుంబానిదే. మన అనంతపురం కంటే తక్కువ వాన పడేచోట కూడా బతికేస్తుంది. తాటిలో పోతుతాడు, పెంటితాడు ఉన్నట్టే ఇందులోనూ ఎక్కువగా మగ చెట్లు వేరు, ఆడ చెట్లు వేరు. మగ పూత వాసన మాత్రం భరించడం కష్టం! విత్తనం వేస్తే ఏది మొలుస్తుందో తెలియదు కాబట్టి అడవి మొక్కకు మంచి రకం అంటు కడతారు.

ఇందులో అసలు చిక్కు కోతలో ఉంది. పనసకు, మేడికి లాగే దీనికీ పాత కొమ్మల మీదే పూత వస్తుంది. కాయ పండడానికి దాదాపు ఏడాది పడుతుంది. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో ఈ ఏటి కాయ రాలుస్తుంటే, పక్కనే వచ్చే ఏటి పూత మొదలవుతుంటుంది. ఆలస్యంగా వచ్చి కర్రతో ఇష్టమొచ్చినట్టు బాదితే వచ్చే ఏటి పంట కూడా కింద పడ్డట్టే. తొందరపడి పచ్చి కాయ కోస్తే పాకం వగరెక్కుతుంది. రాలిన కాయను ఏరకుండా వదిలేస్తే వాన తడికి బూజు పడుతుంది, పురుగు చేరుతుంది. ఆ వాసన ఎంత కాచినా పోదు.

బాగా ఎండిన కాయ బరువులో దాదాపు సగం చక్కెరే. కాయను దంచి, గింజ తీసేసి, నీళ్లలో నానబెట్టి, వడగట్టి కాస్తారు. చిక్కబడ్డ రసాన్ని అక్కడివాళ్లు తెరాత్సోమెలో అంటారు, అంటే కారబ్ తేనె. దాన్ని ఇంకా ముదరనిస్తే పాస్తెల్లి పాకం. ఒకప్పుడు ఈ కాయల ఎగుమతి మీద ఊళ్లకు ఊళ్లే బతికాయి. దీన్ని నల్ల బంగారం అన్నది అందుకే.

[దృశ్యం: నువ్వులు వేగుతున్న పెనం.]

నువ్వుల సంగతి మనకు ఒకరు చెప్పక్కర్లేదు. గింజలో సగం నూనే. చిటపటలాడగానే దించాలి, ఇంకో నిమిషం ఉంచితే చేదు. పాతబడితే ముక్కిన వాసన. పాకం ఎంత గొప్పదైనా ముక్కిన నువ్వులు పట్టిస్తే వాసన దాగదు.

కొనేటప్పుడు పొట్లం వెనక చదవండి. ఏది ఎక్కువ వేశారో దాని పేరు ముందు రాయాలి. మొదట్లోనే చక్కెర, గ్లూకోజ్ సిరప్ ఉండి, కారబ్ ఎక్కడో చివర కనిపిస్తే మీరు కొంటున్నది రంగేసిన పంచదార.

[దృశ్యం: అరచేతిలో గట్టి గోధుమరంగు గింజలు. పక్కనే గురివింద గింజలు.]

మరి తీసేసిన గింజలు? మన కంసాలి గురివిందతో బంగారం తూచినట్టే మధ్యధరా వ్యాపారులు వీటితో తూచారు. రత్నాల బరువు చెప్పే క్యారెట్ అనే మాట ఈ గింజ గ్రీకు పేరు నుంచే వచ్చింది. గింజలన్నీ ఒకే బరువుంటాయని నమ్మేవారు. తూచి చూస్తే ఉండవు. అందుకే ఇప్పుడు క్యారెట్ అంటే కచ్చితంగా 200 మిల్లీగ్రాములు.

ఇప్పుడు ఆ గింజను పొడి చేసి జిగురుగా వాడుతున్నారు. మీ ఫ్రిజ్‌లో ఐస్‌క్రీమ్ డబ్బా ఉంటే వెనక్కి తిప్పండి. స్టెబిలైజర్ల వరసలో 410 అని ఉందేమో చూడండి. అది ఇదే.