చీర రంగు

అందరికీ నమస్కారం.

నవల ఎలా పూర్తి చేశారో చెప్పమని పిలిచారు. ఎందుకు పూర్తి చెయ్యలేదో చెప్పమంటే ఇంకా బాగా చెబుదును, ఆ అనుభవం నాకు ఇరవై నాలుగేళ్ళది. 1999లో మొదలుపెట్టి 2023లో ముగించాను. ఈలోగా మా అమ్మాయి పుట్టింది, ఇంజనీరింగ్ చదివింది, ఉద్యోగంలో చేరింది. నవల మాత్రం చాలాకాలం మూడో అధ్యాయం దగ్గరే కూర్చుంది.

బ్యాంకు ఉద్యోగం, ఇల్లు, టైమ్ ఎక్కడిది అనేదాన్ని. విశాఖపట్నంలో ఉంటూ ఆ మాట అనడానికి మొహం చెల్లదు. రావిశాస్త్రి గారు ఇక్కడే వకీలుగా కేసులు చూసుకుంటూ అంత సాహిత్యం రాశారు. ఆయనా ఒక నవల అసంపూర్తిగానే వదిలారుగా అని కొన్నేళ్ళు సర్దిచెప్పుకున్నాను. ఎవరితో పోలికండీ, సిగ్గులేకపోతే!

అసలు జబ్బు వేరే. నా నవల స్టీల్ ప్లాంటు కోసం ఖాళీ అయిన ఒక ఊరి కథ. అలాంటి ఊళ్ళు 64. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ వచ్చి శంకుస్థాపన చేశారు. నా మొదటి అధ్యాయం ఆ రోజుదే. ఆవిడ ఏ రంగు చీర కట్టుకున్నారు, వేదిక ఎటువైపుంది, ఇవన్నీ తేలితే గానీ నాకు కలం కదలదు. సెలవొస్తే లైబ్రరీలో పాత పేపర్లు. తొమ్మిది నోటుబుక్కులు నిండాయి. ఆ ఒక్క అధ్యాయం పదిహేడుసార్లు తిరగరాశాను. రాసినకొద్దీ భాష నున్నబడింది, ప్రాణం పోయింది.

2014 అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్. కిటికీ అద్దం పగిలి వాన గదిలోకే వచ్చింది. బీరువా మీది అట్టపెట్టె నానిపోయింది. కరెంటు లేదు. హాల్లో తాడు కట్టి, బట్టల క్లిప్పులు పెట్టి కాగితాలు ఆరేశాను. అంటుకున్న వాటిని గోటితో విడదీస్తుంటే అక్షరాలు పై కాగితం వెనక్కి తిరగబడి అచ్చయి కనిపించాయి, అద్దంలో చూసినట్టు. కొవ్వొత్తి దగ్గర కూర్చున్న మా అత్తగారు, "ఏటి రాసేవమ్మా ఇందులో?" అన్నారు. చదవడానికి ఏం మిగిలింది? నోటితోనే చెప్పాను.

ఆవిడ ఆ 64 ఊళ్ళలో ఒక ఊరి మనిషే. పెళ్ళయిన నాటి నుంచీ నాకు తెలుసు. ఒక్కసారీ అడగలేదు! పేపర్లలో వెతుకుతున్నాను మరి.

"ఇందిరాగాంధీని చూశారా అత్తయ్యా?"

"మీ ఆయన్ని సంకనేసుకుని ఎల్లేను. ఏటి కనపడతాది? మనుసుల ఈపులే."

పదిహేడుసార్లు రాసినా తట్టని వాక్యం అది.

ఆ రాత్రితో పద్ధతి మారిపోయిందంటే వినడానికి బాగుంటుంది. మారలేదు. కాగితాలు ఆరాక మళ్ళీ పెట్టెలో పెట్టి, ఇంకో ఆరేళ్ళు గడిపేశాను. 2020 లాక్‌డౌన్‌లో, సాయంత్రాలు ఇద్దరం చిక్కుడుకాయలు ఒలుస్తూ కూర్చునేవాళ్ళం. అప్పుడు రోజుకో ఘట్టం చెప్పడం మొదలెట్టాను. ఆవిడ "అప్పుడేటయింది?" అంటే మర్నాడు తెల్లవారుజామున అది రాసేదాన్ని. "పొయ్యి మీద పాలు చూడమ్మా" అంటే ఆ ఘట్టం వదిలేసేదాన్ని. గొప్ప వర్ణన అనుకున్న సముద్రం మొత్తం అలా పాలల్లో పోయింది.

పాత కాగితాలు ముట్టుకోలేదు. నోటుబుక్కులు అటకెక్కించాను. తేదీ గుర్తురాకపోతే ఖాళీ వదిలి, పక్కన సున్నా చుట్టి ముందుకెళ్ళాను. రోజుకి పేజీన్నర, అంతకంటే ఎప్పుడూ రాలేదు. చివరి పేజీ రాశాకే నోటుబుక్కులు దించి సున్నాలు పూరించాను. సగం సున్నాలకి అసలు అవసరమే లేదు, వాక్యాలే కొట్టేశాను.

చీర రంగు మాత్రం చివరిదాకా పీకింది. అచ్చుకిచ్చే ముందురోజు మళ్ళీ అడిగాను.

"ఆయమ్మ సీర నాకేటి తెలుసు?" అన్నారు. "నా ముందు నిలబడ్డోడి సొక్కా అడుగు, సెప్తాను. గళ్ళ సొక్కా. బుజం కాడ సిరుగు."