మనసు సంగతి ఎవరు చూస్తున్నారు?

అందరికీ నమస్కారం. కిడ్నీ జబ్బులతో నలిగే మన ఉద్దానంలో డయాలసిస్ అంటే ఏమిటో ఎవరికీ చెప్పక్కర్లేదు. పలాసలో 2023లో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి వచ్చింది. డయాలసిస్ రోగులకు నెలకు 10,000 రూపాయల పింఛను ఉంది. పాడైన కిడ్నీల బదులు ఒంట్లో మలినాలు తీసే పని మిషన్ చూసుకుంటోంది. మనసు సంగతి చూసేది మాత్రం ఇంట్లోవాళ్లే. అందుకే ఈ నాలుగు మాటలూ మీతోనే.

వారానికి రెండు మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు. రానూపోనూ ప్రయాణం కలిపితే ఆ రోజు పోయినట్టే. మర్నాడు కాస్త తేరుకునేసరికి మళ్లీ బయల్దేరాలి. ఇల్లు నడిపిన మనిషి ఆటో ఛార్జీకి కొడుకు వైపు చూడాలి. చుట్టూ కొబ్బరితోటలే, కానీ పొటాషియం ఎక్కువ కాబట్టి బొండం ముట్టకూడదు. ఆ మనిషికి చిరాకు రాకుండా ఎలా ఉంటుంది?

దానికి తోడు మన కాపలా. ‘ఎన్ని గ్లాసులు తాగావు? మళ్లీ ఉప్పు వేసుకున్నావా?’ ప్రేమతోనే అంటాం, కానీ పొద్దస్తమానం వింటే అది జైలే. డాక్టరు చెప్పినన్ని నీళ్లు పొద్దున్నే ఒక సీసాలో పోసి ఆయన చేతికిచ్చేయండి. టీ, మజ్జిగ తాగితే ఆ మేరకు సీసాలోంచి ఆయనే తీసేస్తారు. ఎప్పుడు తాగాలన్నది ఆయనిష్టం. ఇంటిల్లిపాదీ ఉప్పు తగ్గించండి, ఆయన దాహమూ తగ్గుతుంది, వేరే వంటన్న చిన్నతనమూ ఉండదు.

నిద్ర లేకపోవడం, తిండి సయించకపోవడం, ఎవరితోనూ మాట్లాడకపోవడం రక్తం తగ్గినా ఉంటాయి, డయాలసిస్ చాలకపోయినా ఉంటాయి, మనసు కుంగినా ఉంటాయి. ‘అదేలే’ అని ఇంట్లోనే తేల్చేయకండి, డాక్టరుకు చెప్పండి. కుంగుబాటుకు మందులున్నాయి. కిడ్నీ రోగులకు వాటి మోతాదు వేరు, కాబట్టి మందుల షాపులో అడిగి కొనొద్దు.

ఏదో ఒకరోజు ‘ఇక నేను వెళ్లను’ అంటారు. తిట్టకండి, ఒట్లు పెట్టకండి. పక్కన కూర్చుని ఏం బాధగా ఉందో అడగండి. సూది నొప్పి అంటే తిమ్మిరెక్కించే క్రీము ఉంది. కండరాలు పట్టేస్తున్నాయంటే నర్సుకు చెప్పండి, నీళ్లు తీసే వేగం తగ్గించే వీలుంటుంది. ‘మీకు బరువైపోయాను’ అంటే మాత్రం ఆ మందు మన దగ్గరే ఉంది. జీడితోట కౌలుకిచ్చేటప్పుడు, పిల్ల సంబంధం మాట్లాడేటప్పుడు ముందు ఆయన్నే అడగండి. నిజంగా అడగండి, చెప్పింది వినండి.

‘చచ్చిపోతే బాగుండు’ అన్నారా, ఒంటరిగా వదలొద్దు. ఆ రోజే డాక్టరుకు చెప్పండి. 14416 టెలీ మానస్ నంబరు, మనసు బాధకు సాయం చేసే ప్రభుత్వ ఫోన్ సేవ అది. రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులోనే మాట్లాడొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు. ఇప్పుడే ఫోన్లలో ఎక్కించుకోండి, నేను ఆగుతాను.